పరదేశి పదకొండు డబ్బాలు

పరదేశి పోయిన ఇరవై ఆరో రోజున అతనికి మెయిలు వచ్చింది.

తమ్ముడి ఫోన్‌ని రోజూ చార్జింగు పెట్టి, రీచార్జి గడువు దాటనివ్వకుండా, ఆ ఒక్క వస్తువునైనా బతికించి ఉంచుతున్నది అక్క రేవతి. "ఇంకా ఎందుకది, సిమ్ము తీసేయొచ్చు కదా" అని ఆమె భర్త ఒకసారి నోరు జారాడు. రేవతి చూసిన చూపుకి ఆ పెద్దమనిషి మళ్లీ ఆ ఊసెత్తలేదు. అతను విశాఖలో మందుల కంపెనీలో పనిచేస్తూ వారానికోసారి చోడవరం వచ్చే మనిషి. రేవతి తమ్ముడి దినం అయ్యాక కూడా తల్లి ఎర్రమ్మ దగ్గరే ఉండిపోయింది. పగలు సచివాలయంలో కంప్యూటర్ ముందు కూర్చుని ఊరివాళ్ల దరఖాస్తులు ఎక్కించడం, మధ్యాహ్నం ఇంటికొచ్చి తల్లిచేత రెండు ముద్దలు తినిపించడం, ఇదే ఆమె పని.

ఆ మధ్యాహ్నం కంచం ముందే ఫోను టింగుమంది. మెయిలు ఇంగ్లీషులో ఉంది. రాసినాయన పేరు హెన్రిక్. డెన్మార్కులో బళ్లో సంగీతం చెప్పి రిటైరైన డెబ్బయ్యేళ్ల మనిషి. "పరదేశీ, మన సాఫ్ట్‌వేర్ రెండో వెర్షన్ వచ్చేసింది. నీ పదకొండు డబ్బాలు కొత్తదాంట్లో తెరుచుకోవడం లేదు. జనం రోజూ అడుగుతున్నారు. నవంబరు ముప్పైలోగా నువ్వు వాటిని కొత్తదానికి సరిపడా మళ్లీ కట్టి పంపకపోతే, జాబితాలోంచి తీసేయడం తప్పదు. ఇంతకీ నువ్వు బాగున్నావా?"

ఆఖరి మాట చదివి రేవతి కంచంలోనే చెయ్యి కడిగేసుకుంది.

అసలు ఈ పరదేశి ఎవరో, ఈ డబ్బాలేమిటో ముందు చెప్పాలి. లేకపోతే, సాఫ్ట్‌వేర్‌కి వెర్షన్ మారితే చోడవరంలో ఒక ఇల్లు ఎందుకు ఏడవాలో మీకు బోధపడదు.

చోడవరం బస్టాండు ఎదురు సందులో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు అతనిది. ఇరవై ఏడేళ్లవాడు. రేవతి తరవాత ఎర్రమ్మకి వరసగా ఇద్దరు మగపిల్లలు పురిట్లోనే పోయారు. మూడోవాడైనా దక్కితే నీ పేరే పెట్టుకుంటానని పరదేశమ్మ తల్లికి మొక్కుకుంది. వీడు దక్కాడు. తండ్రి జగ్గయ్య, వీడికి తొమ్మిదేళ్లప్పుడు, వడ్డాది దారిలో ఎకరంన్నర చెరకు చేను, ఇంట్లో ఒక టీవీ గేమూ మిగిల్చి కన్నుమూశాడు. చేను కౌలుకిచ్చారు. టీవీ గేము పరదేశి దక్కించుకున్నాడు.

మిగతా పిల్లలు ఆ గేము ఆడేవాళ్లు. వీడు వినేవాడు! ఆట మొదలవకముందు తెరమీద పేరు పడి, కీకీమని ఓ పాట మోగుతుంది చూడండి, అక్కడే బటన్ నొక్కకుండా కూర్చునేవాడు. పక్కింటి పిల్లలకి ఒళ్లు మండిపోయేది. "ఆడితే ఆడు, నేపోతే ఇటియ్యి" అని వీపు మీద గుద్దేవాళ్లు. గుద్దులు తింటూనే వీడు వేళ్లమీద లెక్కపెట్టేవాడు. ఆ పాటలో గొంతుకలు నాలుగే. రెండు కీచుమనేవి, ఒకటి కింద నించి గుమ్మనేది, ఒకటి సుయ్యిమనేది. ఆ పాత మిషనులో ఉన్న చిన్న చిప్పుకి అంతకన్నా గొంతుకలు లేవు. నాలుగింటితో అంత పాట ఎలా కట్టారన్నది వాడి బెంగ. పదేళ్లవాడికి అదేం బెంగో మరి!

అనకాపల్లిలో డిప్లొమా చదివాడు. రెండు సబ్జెక్టులు తప్పాడు, మళ్లీ రాయలేదు. కొట్టు పెట్టాక, ఊరికే దొరికే సంగీతం సాఫ్ట్‌వేర్ ఒకటి కంటపడింది. దాంట్లో తెరనిండా చిన్న చిన్న డబ్బాల బొమ్మలు ఉంటాయి. ఒక్కో డబ్బాకి ఒక్కటే పని. ఒకటి శబ్దం పుట్టిస్తుంది, ఒకటి దాన్ని పెంచి తగ్గిస్తుంది, ఒకటి తాళం వేస్తుంది. డబ్బాకీ డబ్బాకీ మధ్య రంగురంగుల వైర్లు మనమే తగిలించుకోవాలి. వైరు సరైన చోట పడితే పాట, తప్పితే గోల. ఈ డబ్బాల్ని ఏ దేశంవాళ్లో తయారుచేసి నలుగురికీ ఉచితంగా పెడతారు. చేతనైతే మనమూ ఒకటి తయారుచేసి పెట్టొచ్చు. పరదేశికి చేతనైంది. డిప్లొమా తప్పినవాడు మూడేళ్లలో పదకొండు డబ్బాలు కట్టి ప్రపంచం మీదికి వదిలాడు. అన్నీ ఆ పాత టీవీ గేము గొంతుకలే.

పేర్లు మాత్రం ఇంటి దగ్గర్నించే తీసుకున్నాడు. ఎనిమిది స్వరాలు గుండ్రంగా తిప్పే డబ్బా పేరు గానుగ. స్వరాల్ని కలగాపులగం చేసి విసిరేదాని పేరు వడ్డాది సంత. వేసిన కేకని కొండలు తిప్పి పంపినట్టు పంపేదానికి కొండల పక్క ఊరి పేరు, చీడికాడ. ఇక డప్పు దెబ్బలుగా ముక్కలు కోసుకోడానికి, ఎడతెరిపి లేకుండా సుయ్యిమని మోత పెట్టే డబ్బా ఉంది. దాని పేరు ఎర్రమ్మ.

"ఒరే, దానికి నా పేరెందుకు పెట్టేవురా?" అని ఎర్రమ్మ చీపురు ఎత్తింది.

"నువ్వు తిట్టడం మొదలెట్టేవంటే ఇలాగే ఉంటాది గదమ్మా. ఆపడానికి బటన్ కూడా పెట్టనేదు, సూడు."

"ఓలమ్మ, నీ నోరు పడిపోను! సిగ్గునేని గుంటడా!"

తిట్టడం తిట్టింది గానీ, ఆ సాయంత్రమే కుళాయి దగ్గర నలుగురికీ చెప్పుకుంది. తెల్లోళ్ల దేశంలో తన పేరు తిప్పితే డప్పు మోగుతుందని, తొమ్మిది వేలమంది తిప్పుతున్నారనీ చెప్పింది. ఎవరూ నమ్మలేదు. గౌరీపరమేశ్వరుల్ని పండగ చివర సాగనంపే అనుపు ఊరేగింపులో సన్నాయి, డప్పు విని, ఆ వరసనే నాలుగు గొంతుకల్లో కట్టి కొట్లో పెట్టాడు పరదేశి. ఫోను బాగుచేయించుకోడానికి వచ్చినవాళ్లు "ఏటి బాబూ, స్పీకరు పాడైపోనాదా?" అని అడిగారు. ఈ డబ్బాల జాబితా చూసుకునే హెన్రిక్ అనే ఆ ముసలాయన మాత్రం ఆ పాట విని మూడు పేజీల మెయిలు రాశాడు. ఆ రోజు పరదేశి మధ్యాహ్నమే కొట్టు కట్టేసి జిలేబీ పొట్లంతో ఇంటికొచ్చాడు.

అతని పని తీరు ఒకటి చెప్పుకోవాలి. కొట్లో కంప్యూటరుకి ఊళ్లోవాళ్ల ఫోన్లూ మెమరీ కార్డులూ రోజంతా తగిలిస్తూ ఉండాలి కదా, వాటితో పాటు వైరస్సులు వచ్చిపడేవి. నెలకోసారి మొత్తం తుడిచి మళ్లీ ఎక్కించాల్సిందే. అందుకని తన డబ్బాల రాత, అంటే వాటిని నడిపే కోడు, ఏదీ దాంట్లో ఉంచేవాడు కాదు. అగ్గిపెట్టెంత నల్లటి హార్డ్‌డిస్క్ ఒకటి కొని, అంతా దాంట్లోనే దాచి, చొక్కా జేబులో పెట్టుకు తిరిగేవాడు. నీ రాతలు ఇంటర్నెట్టులో కూడా ఒక చోట పెట్టుకోవయ్యా అని హెన్రిక్ పదిసార్లు పోరు పెట్టాడు. "ఇంకా తప్పులున్నాయండీ, సరిచేసేక పెడతాను" అనేవాడు. తప్పులున్న రాత నలుగురి కంటా పడటం వాడికి మహా సిగ్గు.

అక్టోబరు మొదట్లో జ్వరం పట్టుకుంది. రెండు రోజులు బిళ్లలు మింగాడు. మూడోరోజు విశాఖ ఆస్పత్రికి తీసుకెళ్లారు. ప్లేట్‌లెట్లు పడిపోయాయన్నారు, ఎక్కించారు, మళ్లీ పడిపోయాయి. అయిదోరోజు తెల్లారేసరికి మనిషి లేడు. దాని గురించి ఇంకేం చెప్పమంటారు? పెళ్లికానివాడు కనక కాల్చకుండా, వడ్డాది దారిలో తమ చెరకు చేను గట్టున పాతిపెట్టారు.

ఇప్పుడు మళ్లీ ఆ మెయిలు దగ్గరికి వద్దాం.

"ఎవలే?" అంది ఎర్రమ్మ.

రేవతి చదివి తెలుగులో చెప్పింది. ఎర్రమ్మ విన్నది. గోడకి జేరబడి కూర్చున్నదల్లా లేచి నిటారుగా కూర్చుంది.

"అయితే ఆ తాతకి మనోడు పోనాడని తెల్దా?"

"తెలీదమ్మా. ఎవరు సెప్తారు?"

"అయితే సెప్పీకు. జొరం వచ్చింది, తగ్గుతంది అని రాసీ."

"అమ్మా, తప్పమ్మా అది."

"తప్పేటే? ఎక్కడో ఒక కాడ నా కొడుకు బతికే ఉన్నాడు. ఆ మాట సెడగొట్టడానికి నీకు నోరెలాగొస్తాదే?"

సచివాలయంలో తమ్ముడి మరణ ధ్రువీకరణ దరఖాస్తు రేవతే ఎక్కించింది. పేరు, వయసు, తేదీ, కారణం, అన్ని గళ్లూ వేళ్లు వణక్కుండా నింపింది. ఈ మెయిలుకి మాత్రం ఉన్నమాట రాయలేకపోయింది. పరదేశి రాసినట్టే రాసింది: "జ్వరం సార్. ఇప్పుడు తగ్గుతోంది. త్వరలో చేస్తాను."

మర్నాడే జవాబొచ్చింది. తగ్గినందుకు సంతోషం, తేనె కలిపి అల్లం నీళ్లు తాగమన్నాడు.

"సూసేవా, ఎంత మంచోడో! అల్లం మనోడికి పడదని రాసీ" అంది ఎర్రమ్మ.

రేవతి రాసింది. ఆ తరవాత ఆ ఇంట్లో అదొక నిత్యకృత్యమైపోయింది. ఇవాళ ఇడ్లీ తిన్నాడని రాయి. ఇవాళ వీధిలోకి నడిచేడని రాయి. ఎర్రమ్మ చెబుతుంటే రేవతి రాసేది. చచ్చిపోయినవాడికి వాళ్లిద్దరూ రోజుకింత చొప్పున జ్వరం తగ్గించుకొచ్చారు. ఆ పది రోజులూ ఎర్రమ్మ పిలవకుండానే అన్నానికి వచ్చేది. పిచ్చి పని కాదా అంటే పిచ్చి పనే. మీ ఇంట్లో జరిగితే మీరూ చేస్తారు.

పదకొండోరోజు హెన్రిక్ ఇలా రాశాడు: "నువ్వింకా నీరసంగా ఉన్నట్టున్నావు. గడువు దగ్గర పడుతోంది. డబ్బాల అసలు రాత నాకు పంపు చాలు. మళ్లీ కట్టే పని నేను చేస్తాను. పేరు నీదే ఉంటుంది."

రేవతి కంప్యూటర్ పని దరఖాస్తుల వరకే. అయినా ఈ సంగతి ఆమెకి అర్థమైంది. బయట ఉన్నది తయారైపోయిన సరుకు. దాన్ని కొత్త వెర్షన్‌కి మార్చాలంటే, పరదేశి తన చేత్తో రాసిన అసలు రాత కావాలి. అది పంపితే పదకొండు డబ్బాలూ నిలబడతాయి. పంపకపోతే నవంబరు ముప్పై తరవాత వాడు ఈ లోకంలో చేసిన పని గుర్తుకి కూడా మిగలదు. అంతే సంగతి.

ఆ ఆదివారం కొట్టు తెరిచింది. కంప్యూటర్లో ఏమీ లేదు, ఎప్పటిలాగే తుడిచేసి ఉంది. సొరుగులు లాగింది. స్క్రూడ్రైవర్లు, పగిలిన తెరలు, ఎవరివో సిమ్ములు. ఇంటికొచ్చి పెట్టె, పరుపు, అటక, వాడి బేగు మూడుసార్లు దులిపింది. చొక్కాల జేబులన్నీ తడిమింది. చివరికి వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది.

"అమ్మా, తమ్ముడి జేబులో నల్లది ఉండేది, అగ్గిపెట్టెలాగా. ఎక్కడ పెట్టేవే?"

ఎర్రమ్మ బియ్యం ఏరుతోంది. తలెత్తకుండానే చెప్పింది. "వాడికాడే ఉంది."

"వాడికాడేటి?"

"వాడితోనే పెట్టేను."

ఆ ఇంట్లో పోయినవాళ్లకి ఇష్టమైన వస్తువు వెంట పెట్టి పంపడం ఆనవాయితీ. జగ్గయ్య చితి మీద చుట్టల కట్ట పెట్టారు. ఎర్రమ్మ అత్తగారికి వక్కల సంచీ పెట్టారు. పరదేశికి ఏం పెట్టారో ఆ రోజు ఎవరు చూశారు? రేవతికి స్పృహ ఉంటే కదా!

"ఆస్పత్రిలో మంచం మీద నా సెయ్యట్టుకుని అన్నాడే," అంది ఎర్రమ్మ. "అమ్మా, ఆ నల్లది జాగర్త, ఎవలికీ ఇచ్చీకు, అది నాకు కావాలి అన్నాడు. కావాలన్నాడు గదా, మరి ఇవ్వొద్దా? తడిసిపోతాదని రెండు ప్లాస్టిక్ కవర్లలో సుట్టి, రబ్బరుబేండేసి, జేబులో పెట్టి గుండీ పెట్టేను. ఎవలికీ ఇవ్వనేదు."

రేవతి ఊరుకుంటే బాగుండేది. పాడు నోరు, ఊరుకోలేదు.

"అయ్యో, ఎంత పని సేసేవే అమ్మా! వాడు మూడేళ్లు పడ్డ కష్టమంతా దాన్లో ఉందే! అది పంపితే వాడి పని నిలబడేది. సేతులారా నువ్వే మట్టిలో కలిపీసేవు గదే!"

అన్న మరుక్షణం నాలుక కరుచుకుంది. కానీ మాట వెళ్లిపోయింది. ఎర్రమ్మ చేట పక్కన పెట్టింది. తిట్లకి పేరుపడ్డ మనిషి, కొడుకు డబ్బాకి పేరిచ్చేంత నోరున్న మనిషి, ఒక్క మాట మాట్లాడలేదు. రాళ్లేరిన బియ్యం, ఏరని బియ్యం కలిపేసి డబ్బాలో పోసేసి లోపలికి వెళ్లి పడుకుంది. రేవతి కాళ్ల దగ్గర కూర్చుని ఎంత బతిమాలినా ఇటు తిరగలేదు.

ఆ రోజు నించీ ఎర్రమ్మ మెయిళ్ల ఊసెత్తలేదు. ఏం రాయమంటావమ్మా అంటే "నీ ఇష్టం" అనేది. హెన్రిక్ గుర్తుచేస్తూనే ఉన్నాడు. ఇంకా ఆరు రోజులే, పరదేశీ. ఇంకా నాలుగు రోజులే. రేవతి "వెతుకుతున్నాను సార్" అని రాస్తూ వచ్చింది.

ఇక్కడ రేవతి గురించి ఒక మాట దాచకుండా చెప్పాలి. సచివాలయంలో కూర్చుని ఎవరిదో రేషన్ కార్డు నంబరు ఎక్కిస్తుండగా ఆమెకి ఒక ఆలోచన వచ్చింది. రెండు కవర్లు, రబ్బరుబ్యాండు. మూడడుగుల లోతు. నిండా రెండు నెలలు కాలేదు. అది పాడై ఉండకపోవచ్చు. ఛీ అనుకుంది. తన మొహం మీద తనే ఉమ్మేసుకోవాలనిపించింది. మళ్లీ అరగంటకి అదే ఆలోచన. ఎవరికీ చెప్పక్కర్లేదు, చేను మనది, గట్టు మనది. ఆ వారమంతా ఆ పాడు ఆలోచనతో అన్నం సయించలేదు. తల్లికి కూడా అదే ఆలోచన వచ్చిందని ఆమెకేం తెలుసు?

నవంబరు ఇరవై తొమ్మిది మధ్యాహ్నం రేవతి ఇంటికొచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. ఇంట్లో ఎర్రమ్మ లేదు. పొయ్యి వెలిగించలేదు. పెరట్లో గోడకి ఆనించి ఉండే గునపం లేదు.

గునపం లేదని చూడగానే రేవతి వెనక్కి తిరిగింది. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డెక్కి, వడ్డాది వైపు వెళ్లే షేర్ ఆటో ఆపి ఎక్కింది. చేను దగ్గర దిగి చెరకు మధ్య దారిలో పడి పరిగెత్తింది. ఆకులు చేతుల్ని కోస్తున్నా చూసుకోలేదు.

గట్టు మీద ఎర్రమ్మ కూర్చుని ఉంది. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని ఉంది. మట్టి కుప్ప మీద మొలిచిన గడ్డి ఒక పక్కంతా పీకేసి ఉంది. అక్కడ జానెడు గొయ్యి. గునపం దాంట్లోనే గుచ్చి ఉంది.

"అమ్మా!"

"వచ్చేవా," అంది ఎర్రమ్మ. "రా, కూకో."

రేవతి కూర్చోలేదు. నిలబడే వగరుస్తోంది.

"జానెడే తవ్వగలిగేను," అంది ఎర్రమ్మ. "తరవాత సెయ్యి ఆడనేదు. పొద్దున్నే లేపితే వాడికెంత సిరాకో నీకు తెల్సు గదా. ఇంకో పావుగంటమ్మా, ఇంకో పావుగంట, అని దుప్పటి లాక్కునేవోడు. గునపం దిగేసరికి ఆ మాటే ఇనబడింది. లేపలేకపోనాను."

పక్క మడిలో వరి కోస్తున్న ఆడవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. ఎర్రమ్మ గునపం పీకి కూతురివైపు చాచింది.

"నువ్వు తవ్వే. నాను కన్నదాన్ని గనక సెయ్యి రానేదు. నువ్వు అక్కవి, సదువుకున్నదానివి. నాను అటు తిరిగి కూకుంటాను. తీసీసి ఆ తాతకి పంపీ. నాను సేసిన పాపం నువ్వు కడిగీ, తల్లీ."

రేవతి గునపం అందుకుంది. అందుకుందనే చెబుతున్నాను, దాచడమెందుకు? రెండు చేతులా పట్టుకుంది. ఎర్రమ్మ నిజంగానే అటు తిరిగి కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. ఇంకో రెండడుగులు. ఆ కింద చొక్కా జేబు, గుండీ, రెండు కవర్లు. రేపటితో గడువు. తొమ్మిది వేలమంది. గానుగ, వడ్డాది సంత, చీడికాడ, ఎర్రమ్మ. అన్నీ ఒక్కసారి ఆమె బుర్రలో తిరిగాయి. గునపం పైకి లేచింది.

లేచింది గానీ దిగలేదు. ఆ వీపు చూసింది రేవతి. అటు తిరిగి కూర్చున్న తల్లి వీపు, గునపం దెబ్బ ఎప్పుడు పడుతుందా అని ముడుచుకుపోయి ఉంది. ఆ దెబ్బ పడ్డాక ఈ మనిషి బతికి బట్టకట్టదు. ఆ సంగతి ఆమెకి అంత తేటగా అంతకుముందెప్పుడూ తెలియలేదు.

గునపం చెరకులోకి విసిరేసింది.

"వద్దమ్మా."

"వద్దేటే? పోతాది గదా వాడి పని!"

"పోనీ. వాడు నీతో ఏటన్నాడు? అది నాకు కావాలి అన్నాడు. వాడికి ఇచ్చేవు. వాడిది వాడికాడ ఉంది. నువ్వు ఏ పాపమూ సెయ్యనేదు. ఆ రోజు నాను కూసింది కూడని కూత. నన్ను సెప్పుతో కొట్టు గానీ, ఆ మాట మనసులో పెట్టుకోకు."

రేవతి మోకాళ్ల మీద కూర్చుని మట్టిని అరచేతులతో గోతిలోకి తోసింది. కాసేపటికి ఎర్రమ్మ చేతులు కూడా వచ్చి కలిశాయి. ఇద్దరూ కలిసి గొయ్యి పూడ్చారు. పీకిన గడ్డిని ఎర్రమ్మ మళ్లీ పైన పరిచి, పక్క సర్దినట్టు అరచేత్తో అదిమింది.

"నా పేరు డబ్బా కూడా పోతాదా?" అని అడిగింది.

"పోతాదమ్మా. పదకొండూ పోతాయి."

"వాడే పోనాక నా పేరు ఉంటే ఎంత, నేకపోతే ఎంత." గడ్డి మీంచి చెయ్యి తీసి మళ్లీ అంది. "ఆ తాతకి రాసీ మరి. పాపం, పెద్దోడు, ఎదురు సూస్తన్నాడు. ఇంకెన్నాళ్లు మోసం సేస్తాం? ఉన్నమాట రాసీ."

రేవతి ఫోను తీసింది. వేళ్లకి మట్టి, తెర మీద మట్టి. తమ్ముడి ఫోన్లోంచి, తమ్ముడి పేరుతో ఉన్న మెయిల్లోంచి, ఇన్ని రోజుల్లో మొదటిసారి తన మాటగా రాసింది. "సార్, మా తమ్ముడు పరదేశి అక్టోబరులోనే చనిపోయాడు. ఇంతకాలం మీకు రాసింది నేను, వాడి అక్క రేవతిని. జ్వరం తగ్గలేదు. అసలు రాత లేదు. వాడి పదకొండు డబ్బాలు జాబితాలోంచి తీసేయండి. క్షమించండి." ఇంగ్లీషులో తప్పులున్నాయేమో, చూసుకోలేదు. పంపు అన్నచోట నొక్కింది. కాసేపు గుండ్రంగా తిరిగి, వెళ్లిపోయింది.

ఎర్రమ్మ ఆమె మొహంలోకే చూస్తోంది.

"ఎల్లిపోనాదా?"

"ఎల్లిపోనాదమ్మా."

ఎర్రమ్మ తలాడించింది. పూడ్చిన మట్టివైపు ఒకసారి, ఫోనువైపు ఒకసారి చూసింది.

"అయితే ఇప్పుడు అక్కడ కూడా పోయేడన్నమాట నా కొడుకు," అంది.

తల్లి ఒళ్లో తల పెట్టి రేవతి, యాభై రోజులుగా అణచిపెట్టిన ఏడుపంతా ఒక్కసారి ఏడ్చింది. పక్క మడిలో వరి కోస్తున్న ఆడవాళ్లు కొడవళ్లు కింద పెట్టి, గట్టు దాటి వాళ్లవైపు వచ్చారు.